నేర్చువాని మోటారుసైకిలు

మోటారుసైకిలు నేర్వదలచిన యువకుడు మొట్టమొదట అడుగు ప్రశ్న, "ఏ బండి కొనవలెను?" అనునది. అతని తల్లిదండ్రులు అడుగు ప్రశ్న వేఱు: "ఏ బండి కొనినచో పిల్లవాడు క్షేమముగా ఇల్లు చేరును?" ఈ రెండు ప్రశ్నలకును ఒక్కటే సమాధానము దొరకునా అని నన్ను పలువురు అడిగియున్నారు. దొరకుననియే నా అభిప్రాయము. ఆ సమాధానమునకు చాల దగ్గఱగా వచ్చిన యంత్రమొకటి కలదు. దానిని చిన్న క్రూజరు అందురు. అది ఎట్టిది, దాని నిర్మాణములోని ఏయే గుణములు కొత్తవానికి అనుకూలించును, ఎచ్చట ప్రతికూలించును అను విషయములను ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని.

క్రూజరు అను మాట నావికులది. సముద్రముపై తొందరపడక దూరప్రయాణము చేయు ఓడను ఆ పేరుతో పిలుతురు. మోటారుసైకిళ్ళలో కూడ అట్టి స్వభావము గలదానికే ఆ పేరు సంక్రమించినది. దీని పుట్టినిల్లు అమెరికా. అచ్చటి బాటలు మైళ్ళకొలది తిన్నగా సాగును. 1903లో స్థాపితమైన హార్లే డేవిడ్సన్ వారును, వారికంటె రెండేండ్లు ముందుగా ఆరంభించిన ఇండియన్ వారును ఆ బాటలకు తగిన బండ్లనే నిర్మించిరి. ఇండియన్ అను పేరు విని అది మన దేశపు సంస్థ యని భ్రమపడరాదు. అదియు అమెరికా సంస్థయే. తగ్గుసీటు, పొడవైన దేహము, వెడల్పైన హ్యాండిలు, ముందుకు చాచిన పాదములు, నిటారుగా కూర్చుండు భంగిమ, ఇవి ఆ బండ్ల లక్షణములు. కాని అవి మిక్కిలి బరువైనవి. దిట్టమైన దేహము, పరిచితమైన చేయి గలవారికే అవి లొంగును.

ఆ ఆకారమును చిన్న ఇంజనుతో కూర్చి, బరువు తగ్గించి, నేర్చువాని చేతికి అందించిన కీర్తి జపానువారికి దక్కవలెను. హోండా సంస్థ 1985లో రెబెల్ 250 అను బండిని విడుదల చేసినది. రెబెల్ అనగా తిరుగుబాటుదారు. పేరు తిరుగుబాటుదారే కాని నడత మాత్రము గంగిగోవు నడత. నడుమ కొన్నియేండ్లు అమెరికా విపణిలో లేకపోయినను, ఆ బండి పెద్ద మార్పులేమియు లేకయే 2016 వఱకు అచ్చట అమ్ముడుపోయినది. 2017లో దాని స్థానమున రెబెల్ 300, రెబెల్ 500 అను కొత్త బండ్లు వచ్చినవి. అమెరికాలో కొన్ని తరముల జనులు శిక్షణ మైదానములలో తొలిసారి క్లచ్చు పట్టినది ఈ చిన్న రెబెల్ మీదనే.

మన దేశమున ఇట్టి బండి ఆలస్యముగా వచ్చినది. బజాజ్ సంస్థ కవాసాకి సంస్థతో కలిసి 2001లో ఎలిమినేటర్ అను 175 సి.సి. బండిని తెచ్చినది. 2005లో దాని వారసునిగా అవెంజర్ వచ్చినది. అటుపిమ్మట అదే పేరుతో 200, 220, 150, 180, 160 సి.సి. బండ్లు ఒకదాని వెనుక నొకటి వెలువడినవి. విజయవాడలోను, వరంగల్లులోను, విశాఖపట్టణపు సముద్రతీరపు బాటమీదను చేతులు చాచి తీరికగా సాగిపోవు అవెంజరును చూడనివారు అరుదు.

ఇక నిర్మాణమును పరిశీలింతము. అన్నిటికంటె ముందుగా చెప్పవలసినది సీటు ఎత్తు. రెబెల్ 250 సీటు నేలకు 26.6 అంగుళములు, అనగా సుమారు 675 మిల్లీమీటర్ల ఎత్తున నుండును. అవెంజర్ సీటు 737 మిల్లీమీటర్లు. మన వీధులలో సాధారణముగా కనుపించు 100 సి.సి. బండి సీటు 785 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. ఒక అరచేయి వెడల్పు తేడాయే కదా యని తలపవచ్చును. కాని నేర్చువాని భయమంతయు ఆ అరచేతి వెడల్పులోనే యున్నది.

ఏలయందురా? వెదురు నిచ్చెనను తిన్నగా నిలబెట్టినచో ఒక వ్రేలితో ఆపవచ్చును. కొంచెము ఒరిగినచో ఒక చేయి కావలెను. ఇంకను ఒరిగినచో ఇద్దఱు మనుష్యులు కావలెను. మోటారుసైకిలు సంగతియు అంతియే. నిటారుగా నున్నంతవఱకు 150 కిలోగ్రాముల బరువంతయు చక్రములే మోయును. మన కాలిపై భారము దాదాపు శూన్యము. ఒరుగు కొలది ఆ భారము మన కాలికి సంక్రమించును. వాలు రెట్టింపైనచో కాలిపై భారమును దాదాపు రెట్టింపగును. అందుచేత ఒరుగుట ఆరంభింపగనే ఆపవలెను. పాదము పూర్తిగా నేలకు ఆనినవాడు ఆరంభముననే ఆపగలడు. మునివ్రేళ్ళపై నిలిచినవానికి బండి ఒరిగినట్లు తెలియుసరికే ఆలస్యమగును, మునివ్రేళ్ళకు బలమును చాలదు. నేర్చువారు ఎక్కువగా పడునది వేగమున కాదు. ఆగునపుడు, బయలుదేరునపుడు, ఇరుకున మలుపునపుడు. అట్టి క్షణములలో సీటు తగ్గుగా నుండుట దేవుడిచ్చిన వరము. పొట్టివారికిని, స్త్రీలలో పలువురికిని ఈ బండి నచ్చుటకు ఇదియే ప్రధాన కారణము.

రెండవది పొడవు. రెబెల్ 250 ముందుచక్రపు నడిమికిని వెనుకచక్రపు నడిమికిని మధ్యదూరము సుమారు 1450 మిల్లీమీటర్లు, అవెంజరుది 1490. సాధారణమైన 100 సి.సి. బండికి ఈ దూరము 1240 దగ్గఱ నుండును. ఇంతేగాక క్రూజరు ముందు ఫోర్కు ఎక్కువగా వాలియుండును. ఆ వాలు గీతను నేలవఱకు పొడిగించినచో అది టైరు నేలను తాకు చోటికి ముందుగా పడును. అనగా చక్రము తన ఇరుసు గీతకు వెనుకగా ఈడ్వబడుచుండును. ఆసుపత్రిలో రోగిని తరలించు బల్ల చక్రములను చూచియుందురు. బల్లను త్రోయగనే అవి తమంతట తామే తిరిగి ప్రయాణపు దిక్కునకు సరిపడును. ముందుచక్రమును అట్లే తిన్నదనమును కోరును. చేయి వణకినను బండి వణకదు. ఇది దీని ప్రయోజనము. ఈ తిన్నదనమునకు మూల్యమును కలదు: ఇరుకు సందులో వెనుదిరుగవలెనన్నచో పొడవైన బండికి ఎక్కువ చోటు కావలెను, హ్యాండిలు కొంత మొండికేసినట్లు తోచును.

మూడవది ఇంజను. రెబెల్ 250 పేరులో 250 ఉన్నను, దాని వాస్తవ పరిమాణము 234 సి.సి. మాత్రమే. అందు రెండు సిలిండర్లు కలవు. ఒక్కొక్కదాని అడ్డుకొలత 53 మిల్లీమీటర్లు, పిస్టను నడకయు 53 మిల్లీమీటర్లే. లెక్కవేసినచో ఒక్కొక్కటి 117 సి.సి. వచ్చును. దానిని చల్లార్చునది గాలియే. నీటి తొట్టి లేదు. గేర్లు ఐదు. అది పదునేడు అశ్వముల శక్తికి అటునిటుగా ఇచ్చును. ఈ శక్తి కొంచెమే యని పరిహసించువారు కలరు. నేర్చువానికి కొంచెముగా నుండుటయే మేలు. గుంటలోపడి కుదుపు తగిలినపుడు కుడిచేయి తనకు తెలియకయే యాక్సిలరేటరును త్రిప్పును. బలమైన బండియైనచో ఆ క్షణముననే ముందుకు దూకును. చిన్న క్రూజరు ఉలిక్కిపడదు, "ఏమి బాబూ, నిజముగా పొమ్మందువా?" అని అడిగినట్లు నెమ్మదిగా కదలును. ఆ నెమ్మదిలో చేయి సరిదిద్దుకొనుటకు వ్యవధి చిక్కును. పెద్ద క్రూజరుకును దీనికిని గల భేదము బరువులోను కలదు. 2020లో వచ్చిన రాయల్ ఎన్ఫీల్డ్ మీటియోర్ 350 బరువు 191 కిలోగ్రాములు. అది చక్కని బండియే. కాని పడినదానిని లేవనెత్తవలసివచ్చినపుడు ఆ నలుబది కిలోగ్రాముల తేడా కొత్తవాని నడుమునకు తెలియును.

ఇప్పుడు దోషములను చెప్పెదను. గుణములు మాత్రమే చెప్పి ఊరకుండుట అంగడివాని పని. క్రూజరుపై పాదములు ముందుకు చాచి కూర్చుందుము. అందుచేత గతుకు వచ్చినపుడు కాళ్ళపై బరువుంచి కొంచెము లేచి ఆ దెబ్బను తప్పించుకొనుట కష్టము. వెనుకచక్రపు కుదుపు తిన్నగా వెన్నెముకను చేరును. మన పల్లెబాటలపై ఇది స్వల్పమైన దోషము కాదు. గుంటను చూచి ముందే వేగము తగ్గించుట ఒక్కటే దీనికి మందు. రెండవ దోషము, పాదములుంచు మెట్లు నేలకు దగ్గఱగా నుండుట. మలుపులో బండి ఎక్కువగా వాలినచో అవి బాటను రాచుకొనును. ఆ శబ్దము విని కొత్తవాడు బెదరి బ్రేకు నొక్కినచో ప్రమాదము. కావున మలుపులో ప్రవేశింపకముందే వేగము తగ్గించుకొని, ప్రవేశించిన పిమ్మట నిలకడగా సాగవలెను. మూడవ దోషము బండిది కాదు, మనస్సుది. చిన్న క్రూజరు చూపునకు పెద్దబండివలె నుండును. ఎక్కినవానికి తానును పెద్ద సవారినని తోచును. నేర్వని విద్యను నేర్చినట్లు భ్రమింపజేయు సింగారము చేటు తెచ్చును.

బ్రేకు సంగతి కొంత విపులముగా చెప్పవలెను. గంటకు 36 కిలోమీటర్ల వేగమన్నచో సెకనుకు పది మీటర్లు. అడ్డముగా ఒక ఆవు వచ్చినది. దానిని చూచి, గ్రహించి, చేయి బ్రేకును చేరుటకు ఒక్క సెకను పట్టినదనుకొనుడు. ఆ లోపుగా పది మీటర్లు గడచిపోవును. పొడిబాటపై చక్కగా బ్రేకు వేసినచో ఆగుటకు మఱియొక పది మీటర్లు కావలెను. మొత్తము ఇరువది మీటర్లు. ఇక వేగమును రెట్టింపు చేయుడు, అనగా గంటకు 72 కిలోమీటర్లు. ఆలోచించు సెకనులో ఇరువది మీటర్లు గడచును. ఆగు దూరము మాత్రము రెట్టింపు కాదు, నాలుగింతలై నలుబది మీటర్లగును. మొత్తము అరువది మీటర్లు. వేగము రెండింతలైన ఆగు దూరము మూడింతలైనది. ఈ లెక్కను బండి కొనకముందే కంఠస్థము చేయవలెనని నా విన్నపము.

బ్రేకు వేయగనే బరువంతయు ముందుచక్రము మీదికి ఒరుగును. అందుచేత ఆపు శక్తిలో అధికభాగము ముందు బ్రేకుదే. మన ఊళ్ళలో "ముందు బ్రేకు ముట్టుకొనకుము, పల్టీ కొట్టుదువు" అని పెద్దలు చెప్పుట విన్నాను. ఆ ఉపదేశము సదుద్దేశముతో చెప్పినదే కాని సరియైనది కాదు. పొడవైన, తగ్గైన క్రూజరు పల్టీ కొట్టుట మిక్కిలి అరుదు. అయితే ముందుచక్రము తిరుగుట మాని జాఱుట నిజమైన అపాయమే. నిమ్మపండును పిండినట్లు, మొదట మెల్లగా, పిమ్మట గట్టిగా నొక్కవలెను. ఒక్కసారిగా గుంజరాదు. చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. అను సాధనమును మన దేశమున 125 సి.సి. మించిన కొత్త నమూనాలకు 2018 ఏప్రిలు నుండియు, అమ్మకమునకు వచ్చు తక్కిన బండ్లకు 2019 ఏప్రిలు నుండియు నిర్బంధము చేసిరి. అంతకు పూర్వపు పాతబండిని కొనువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

మలుపు తిరుగుటలో ఒక విచిత్రము కలదు. అరచేతిపై కఱ్ఱను నిలబెట్టు ఆట చిన్నతనమున మీరందఱు ఆడియుందురు. కఱ్ఱను కుడివైపునకు తీసికొనిపోవలెనన్నచో చేయి మొదట కొంచెము ఎడమకు జరుగవలెను. కఱ్ఱ కుడికి ఒరుగును. పిమ్మట చేయి దానిని వెంబడించును. మోటారుసైకిలు వేగముగా పోవునపుడు అదే ధర్మము. కుడికి పోవలెనన్నచో కుడి హ్యాండిలును కొంచెము ముందుకు నెట్టవలెను. చక్రము లవలేశము ఎడమకు తిరుగును, బండి కుడికి వాలును, కుడికే పోవును. సైకిలు త్రొక్కు ప్రతివాడును ఈ పని తనకు తెలియకయే చేయుచున్నాడు. తెలిసి చేసినవానికి ఆపత్కాలమున అది అక్కఱకు వచ్చును. క్రూజరు వెడల్పైన హ్యాండిలు ఈ నెట్టుడును తేలిక చేయును. వెంటనే చెప్పవలసిన మఱొక సూత్రము: చూపు ఎచ్చటనో బండి అచ్చటికే. గుంటను చూచుచు పోయినవాడు గుంటలోనే పడును; గుంట ప్రక్కనున్న దారిని చూచినవాడు దారిని పోవును.

అమెరికాలో 1973లో స్థాపితమైన మోటారుసైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వారు కొత్తవారికి పాఠక్రమము నొకదానిని ఏర్పఱచిరి. బండ్లు నిలుపు విశాలమైన ఖాళీస్థలమున, చిన్న బండ్లపై, మెట్టుమెట్టుగా నేర్పుదురు. మనమును ఊరిబయటి మైదానమున అట్లే అభ్యసింపవచ్చును. మొదట ఇంజను ఆపి బండిని నడిపించుచు బరువెఱుగుట. పిమ్మట యాక్సిలరేటరు ముట్టక, క్లచ్చును కొంచెము కొంచెము వదలుచు, ఎచ్చట బండి కదలనారంభించునో ఆ చోటిని చేతికి అలవాటు చేయుట. ఆ తరువాత నడకవేగమున తిన్నగా పోవుట, ఆగుట. ఆ మీదట పెద్ద వలయములు, చిన్న వలయములు, ఎనిమిది అంకె. చిట్టచివర, గీచిన గీత దాటకుండ చప్పున ఆగుట. ఒక మెట్టు బాగుగా వచ్చినగాని మఱియొక మెట్టు ఎక్కరాదు. దీనికి రోజులు పట్టిన పట్టుగాక. వెనుకసీటుపై మనిషిని ఎక్కించుకొనుట అన్నిటికిని చివరిది; ఆ మనిషి బరువుతో బండి ఆగు తీరును, వాలు తీరును మాఱిపోవును.

చట్టమును ఒక మాట. గేర్లుగల బండి నడుపుటకు మన దేశమున పదునెనిమిది ఏండ్లు నిండియుండవలెను. మొదట నేర్చువాని లైసెన్సు పొంది, బండికి ఎల్ అక్షరపు పలక కట్టి, కనీసము ముప్పది దినములు గడచిన పిమ్మటనే పరీక్షకు పోవలెను. ఆ ముప్పది దినములను లాంఛనముగా భావింపక, అభ్యాసమునకే వినియోగించినవాడు వివేకి.

ఇక హెల్మెట్టు. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో మన దేశపు బాటలపై 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44.5 మంది ద్విచక్రవాహనములపై పోయినవారు. హెల్మెట్టు ధరింపక మరణించినవారు 50,029 మంది. అందు 14,337 మంది వెనుక కూర్చున్నవారే. ఈ అంకెలు చదువుటకు నాకు నోరాడుట లేదు. ఒక్కొక్క అంకె వెనుక ఒక గడప కలదు, ఆ గడపలో ఎదురుచూచు మనిషి కలదు. ప్రపంచమున జరిగిన పరిశోధనలన్నిటిని సమీక్షించి 2008లో ప్రకటించిన నివేదికలో హెల్మెట్టు మరణభయమును నూటికి 42 వంతులు, తలదెబ్బల భయమును నూటికి 69 వంతులు తగ్గించునని తేల్చిరి. అయితే తలపై పెట్టి పట్టీ బిగింపనిది తలకు కాపు కాదు. దెబ్బ తగులకముందే అది ఎగిరిపోవును. బండికి వేలు వెచ్చించి, ఐ.ఎస్.ఐ. గుర్తు లేని చవుక హెల్మెట్టు కొనుట కోట కట్టి తలుపు మఱచినట్లుండును.

పాతబండి కొనవచ్చునా యని కొందఱు అడుగుదురు. నిరభ్యంతరముగా కొనవచ్చును. నేర్చుకాలమున బండి ఒకటి రెండుసార్లు నేలకు ఒరుగుట సహజము; కొత్త రంగుపై పడిన గీతకు మనస్సు చివుక్కుమనును, పాతదానిపై పడినచో అంతగా తోచదు. కొనునపుడు టైర్ల చారలు అరిగినవో లేవో, గొలుసు వదులుగా నున్నదేమో, ఇంజను చల్లగా నుండగా మొదటి ప్రయత్నముననే మేలుకొనునో లేదో చూడవలెను. హ్యాండిలు రెండువైపుల చివరలను పోల్చి చూచినచో ఆ బండి పూర్వము ఎటు పడినదో అదియే చెప్పును. సీటుపై కూర్చుండి రెండు పాదములును మడమలతో సహా నేలకు ఆనునో లేదో చూచుట అన్నిటికంటె ముఖ్యము.

శ్రోతలారా, చిన్న క్రూజరు పందెములు గెలుచు బండి కాదు, కొండలెక్కు బండి కాదు. అది బడిలోని మొదటి తరగతి పలకవంటిది. పలకపై వ్రాసినదానిని తుడిచి మరల వ్రాయవచ్చును. ఒక సంవత్సరమో, రెండు సంవత్సరములో దానిపై చేయి కుదిరిన పిమ్మట పెద్దబండికి పోవుదురో, దానినే ఉంచుకొందురో మీ ఇష్టము. రెబెల్ ముప్పది యేండ్లకు పైగా నిలిచినదన్నచో, అది వేగమువలన కాదు; ఎక్కినవానికి వ్యవధి నిచ్చుటవలన. నేర్చువానికి యంత్రము ఈయగల కానుకలలో అంతకంటె గొప్పది లేదు. తక్కినది మన ఓర్పుమీదను, మన చూపుమీదను ఆధారపడియున్నది.